జులైలో క్లెమాటిస్ కోసం మూడు తోటలు: సిస్సింగ్‌హర్స్ట్, గ్రేట్ డిక్స్‌టర్, విజ్లీ

క్లెమాటిస్ అనే పూల తీగని చూడ్డానికి వెళ్ళినవాళ్ళు మామూలుగా తలెత్తి పూలు చూసి, ఫొటో తీసుకుని వచ్చేస్తారు. తీగ పెంచాలనుకునేవాళ్ళు మాత్రం తల దించి చూడాలి. కాండం గోడకి ఎంత ఎడంగా లేచింది? దేన్ని పట్టుకుని పాకింది? ఎన్ని చోట్ల కట్టారు? తీగ మొదలు దగ్గర నేల తడిగా ఉందా, పొడిగా ఉందా? దక్షిణ ఇంగ్లండులోని ఈ మూడు తోటల్లో ఈ ప్రశ్నలకి మూడు రకాల జవాబులు కనిపిస్తాయి.

వెళ్ళడానికి మంచి రోజులు జులై రెండు, మూడు వారాలు. జూన్‌లో వెళితే సిస్సింగ్‌హర్స్ట్‌లో గులాబీలు నిండుగా ఉంటాయి కానీ వేసవి క్లెమాటిస్ ఇంకా మొగ్గ మీదే ఉంటుంది. జులై చివర్లో అక్కడి బడులకి సెలవులిస్తారు, తోటలు కిక్కిరిసిపోతాయి. ఈ వేసవి రకాలు ఆలస్యంగా పూయడానికి కారణం ఉంది. ఇవి ఆ ఏడాది వచ్చిన కొత్త రెమ్మల కొసల మీదే పూస్తాయి. ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో తీగనంతా నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో, బలమైన మొగ్గల జంటకి కాస్త పైన కోసేస్తారు. అంటే జులైలో మనం చూసే మూడు మీటర్ల తీగంతా నాలుగు నెలల్లో ఎదిగిందే. జాలిపడి కోయకుండా వదిలేస్తే పాత కాండం పైనుంచే కొత్త రెమ్మలు మొదలవుతాయి. కింద బోసి కర్రలు, పూలన్నీ అందనంత ఎత్తులో మిగులుతాయి.

సిస్సింగ్‌హర్స్ట్ కెంట్‌లో ఉంది. రచయితలైన వీటా సాక్‌విల్-వెస్ట్, హెరాల్డ్ నికల్సన్ దంపతులు 1930లో కొన్న చోటు ఇది. 1967 నుంచి, పాత కట్టడాల్నీ తోటల్నీ కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది. గులాబీ తోట పడమటి చివర అర్ధచంద్రాకారపు ఇటుక గోడ మీద 'పెర్ల్ దాజూర్' అనే లేత నీలం రకం పరుచుకుని ఉంటుంది. ఫ్రాన్సులో మొరెల్ అనే పెంపకందారు 1885లో విడుదల చేసిన రకమిది. ఆ గోడ మీద పొద్దున్నే ఎండ పడుతుంది కాబట్టి గేటు తెరవగానే నేరుగా అక్కడికే వెళ్ళడం మంచిది.

గోడంతా నీలంగా కప్పుకోవడం తీగ తనంతట తాను చేసే పని కాదు. క్లెమాటిస్‌కి కాకర తీగలాగా విడిగా నులితీగలు ఉండవు, ఆకుకాడే మెలితిరిగి ఆధారాన్ని పట్టుకుంటుంది. ఆకుకాడ చుట్టలేనంత లావు ఊతం దానికి పనికిరాదు. సన్నని ఇనుప తీగ, వల, పుల్ల కావాలి. గోడకి మేకులు కొట్టి, ఇటుకకీ ఇనుప తీగకీ మధ్య 5 సెంటీమీటర్ల ఖాళీ ఉండేలా, 30 నుంచి 45 సెంటీమీటర్లకొక అడ్డతీగ చొప్పున లాగాలి. ఏప్రిల్, మే నెలల్లో రెమ్మలు రోజురోజుకీ సాగుతాయి. అప్పుడు ప్రతి వారం వాటిని విసనకర్రలా పక్కలకి విడదీసి వదులుగా కట్టాలి. రెండు వారాలు అశ్రద్ధ చేస్తే రెమ్మలు ఒకదాన్నొకటి చుట్టుకుని తాడులా పేనుకుపోతాయి. తర్వాత విడదీయబోతే పెళుసుగా విరుగుతాయి.

పై ఆవరణలో ఉత్తరపు గోడ వెంట ఊదా పూల మడి ఉంది. అక్కడి గోడ మీదా ముదురు రంగు క్లెమాటిస్‌లు కనిపిస్తాయి. ముదురు ఊదా పూలు దూరం నుంచి నీడలో కలిసిపోతాయి. పక్కన గులాబి రంగో, వెండి ఆకులో ఉంటేనే తేలతాయన్న సంగతి ఈ మడి ముందు నిలబడితే అర్థమవుతుంది.

రాకపోకల విషయంలో సిస్సింగ్‌హర్స్ట్ కొంచెం ఇబ్బందే. లండన్ చేరింగ్ క్రాస్ నుంచి స్టేపుల్‌హర్స్ట్‌కి రైల్లో సుమారు గంట. అక్కడి నుంచి టాక్సీని ముందే మాట్లాడుకోవాలి. స్టేషన్ బయట దొరుకుతుందిలే అనుకుంటే ఎండలో నిలబడాల్సి వస్తుంది. ఆదివారాలు బస్సుని నమ్ముకోవద్దు.

గ్రేట్ డిక్స్‌టర్ ఈస్ట్ ససెక్స్‌లో నార్దియమ్ ఊరి పక్కన ఉంది. ఒక్క తోటకే సమయం ఉంటే, అందులోనూ ఇంట్లో చిన్న జాగా ఉన్నవాళ్ళయితే, దీన్నే ఎంచుకోవాలి. సిస్సింగ్‌హర్స్ట్ గోడలాంటి గోడ ఎవరింట్లోనూ ఉండదు, కానీ డిక్స్‌టర్ పద్ధతి ఎక్కడైనా కుదురుతుంది. 2006లో మరణించేదాకా ఈ తోటని నడిపిన క్రిస్టఫర్ లాయిడ్ క్లెమాటిస్‌లో దిట్ట. ఇక్కడ తీగని విడిగా ప్రదర్శనకి పెట్టరు. లాంగ్ బోర్డర్ అనే పొడవాటి పూలమడిలో పొదల మీదుగా, గుంజల మీదుగా మిగతా మొక్కల మధ్యలోంచి పైకి తీస్తారు. నున్నటి గుంజని తీగ పట్టుకోలేదు కాబట్టి దాని చుట్టూ వల చుట్టడమో, అడుగుకొక చోట కట్టడమో తప్పదు. దగ్గరికెళ్ళి ఆ కట్లు చూడండి. పొద మీదికి ఎక్కించేటప్పుడు పొద వేళ్ళకి ఆనించి నాటకూడదు. కాస్త దూరంగా, నీడ పడే వైపు నాటి, ఏటవాలు పుల్లతో దారి చూపాలి. పొద మరీ చిన్నదైతే వేసవి తీగ దాన్ని కప్పేసి ఊపిరాడకుండా చేస్తుంది.

సోమవారాలు ఈ తోట మూసి ఉంటుంది, బ్యాంకు సెలవు (అక్కడి ప్రభుత్వ సెలవు) పడిన సోమవారాలు మినహాయింపు. ఇది నేషనల్ ట్రస్ట్‌ది కాదు, స్వతంత్ర ట్రస్టు, టికెట్ విడిగా కొనాలి. తోటకి ఆనుకుని ఉన్న నర్సరీ చిన్నదే అయినా అక్కడివాళ్ళు మొక్కలెరిగినవాళ్ళు. మీ నేల ఎలాంటిదో చెప్పి అడిగితే సమయం వృథా కాదు.

విజ్లీ సర్రీలో ఉంది. బ్రిటన్‌లోని తోటపని సంఘమైన రాయల్ హార్టికల్చరల్ సొసైటీకి 1903లో సర్ థామస్ హాన్‌బరీ ఇచ్చిన తోట. అందం కోసమే అయితే మొదటి రెండిటి తర్వాతే దీని స్థానం. పేర్లు తెలుసుకోవడానికి మాత్రం ఇదే మేలు. ఇక్కడ మొక్కలకి పేరు పలకలు ఉంటాయి, మొక్కల అంగడిలో రకాలు పక్కపక్కనే పోల్చి చూడొచ్చు. గమనించాల్సింది ఇంకొకటుంది: మొదటి రెండు తోటలవీ బంకమట్టి నేలలు, విజ్లీది ఇసుక నేల. బంకమట్టిలో నీరు నిలవకుండా చూసుకోవాలి. ఇసుకలో ప్రతి వసంతంలోనూ 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన మాగిన ఎరువు పరచకపోతే, ఎండలు ముదిరేసరికి పూలు చిన్నవైపోతాయి, ఆకుల మీద బూడిద తెగులు లేస్తుంది. ఎరువు కాండానికి తగలకూడదు. వేళ్ళకి నీడ కావాలని అందరూ చెబుతారు, నిజానికి కావాల్సింది తడి. నీడకని తీగ మొదలు దగ్గర రాయి పెట్టి నీళ్ళు పోయకపోతే ఏమీ లాభం లేదు.

విజ్లీకి దిగాల్సిన స్టేషన్ వోకింగ్ కావడం ముచ్చటైన సంగతి. 'జాక్‌మానీ' అనే ప్రసిద్ధమైన ఊదా రకం పుట్టింది ఆ ఊళ్ళోని జాక్‌మన్ నర్సరీలోనే. 1858లో సంకరం చేస్తే 1862లో తొలి పూలు పూసింది. లండన్ వాటర్లూ నుంచి అరగంట ప్రయాణం కాబట్టి విజ్లీ కోసం ఎక్కడా బస చేయనక్కర్లేదు.

మిగతా రెండిటికీ బస ఎక్కడన్నది ఆలోచించాలి. కారుంటే టెంటర్‌డెన్: రెండు తోటలకీ మధ్యలో ఉంటుంది. అక్కడి నుంచి పాత ఆవిరి రైలు నార్దియమ్ మీదుగా బోడియమ్ దాకా నడుస్తుంది. పిల్లలుంటే అదొక సరదా, అయితే అన్ని రోజులూ తిరగదు కనక దాని వేళల్ని బట్టి రోజు ఎంచుకోవాలి. కారు లేకపోతే రై పట్టణం నయం. లండన్ సెయింట్ పాంక్రస్ నుంచి యాష్‌ఫర్డ్ దాకా వేగవంతమైన రైలు, అక్కడ మారితే రై. పాత వీధులు గుండ్రాళ్ళు పరిచినవి, చక్రాల పెట్టెలు లాగడం కష్టం. పెద్ద సామానుంటే స్టేషన్ దగ్గరలోనే బస చూసుకోండి. లండన్ నుంచి ఒకే రోజులో రెండు తోటలూ ముగించాలనుకుంటే రెండూ సగంసగమే చూస్తారు.

ఇంగ్లండులోనే ఉండి మొక్క కొనేవాళ్ళకి: పూసిన కుండీ చూసి మురిసిపోవద్దు. మొదట్లోంచి రెండు మూడు కాండాలు లేచిన, రెండు లీటర్ల కుండీలోని మొక్క తీసుకోండి. మొదటిసారి పెంచేవాళ్ళకి 'పెర్ల్ దాజూర్' కన్నా విటిసెల్లా జాతివే నమ్మకం: 'ఎత్వాల్ వయొలెట్', లేదా వార్సాలో బ్రదర్ స్టెఫాన్ ఫ్రాంచాక్ పెంచిన 'పోలిష్ స్పిరిట్'. పెద్ద పూల రకాలకి వచ్చే ఎండు తెగులు వీటికి అరుదు. ఆ తెగులు శిలీంధ్రం వల్ల వస్తుంది. మొగ్గలు విచ్చబోయే వేళకి ఒక కాండం ఉన్నట్టుండి వాలి నల్లబడుతుంది. పచ్చని భాగం తగిలేదాకా, అవసరమైతే నేలమట్టానికి కోసి, కోసిన ముక్కల్ని తోటలోంచి తీసేయాలి. కోసేముందు కాండం మొదలు చూడండి. అక్కడ గీరినట్టుంటే అది తెగులు కాదు, నత్తల పని.

నాటడం సెప్టెంబరు, అక్టోబరుల్లో. గోడ మొదట్లో వాన పడదు కాబట్టి 45 సెంటీమీటర్లు ఎడంగా, అంతే లోతూ వెడల్పూ ఉన్న గుంత తీయాలి. కుండీని 20 నిమిషాలు బకెట్ నీళ్ళలో ముంచి తీసి, వేళ్ళ ముద్ద పైభాగం నేలకి 5 నుంచి 8 సెంటీమీటర్ల కిందికి వెళ్ళేలా పెట్టాలి. పైదంతా తెగులుకి పోయినా మట్టిలోని కణుపుల్లోంచి మళ్ళీ చిగురిస్తుంది. మొదటి వసంతంలోనూ 30 సెంటీమీటర్లకి కోయాల్సిందే, లేకపోతే ఒంటి కాండంగా మిగిలిపోతుంది. తొలి వేసవి పొడి వారాల్లో వారానికి రెండు బకెట్ల నీళ్ళు మొదట్లో నెమ్మదిగా పోయాలి.

వేరే దేశం నుంచి వెళ్ళినవాళ్ళు మొక్కని పెట్టెలో పెట్టుకోవద్దు. మొక్కకి తెగుళ్ళు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్, చేరే దేశపు అనుమతి లేకపోతే విమానాశ్రయంలోనే పోతుంది. పేరు పలకల ఫొటోలు తెచ్చుకోండి. వాటితో పాటు మొదలు, కట్టు, గోడకీ తీగకీ మధ్య ఖాళీ కనిపించేలా ఒక్కో ఫొటో తీసుకోండి.