నొటేషన్ సాఫ్ట్‌వేర్ 'లైఫ్‌టైమ్ లైసెన్స్' అని అమ్మేవాళ్లతో జాగ్రత్త

తిరుపతి, చిత్తూరు వైపు కీబోర్డ్, వయొలిన్ నేర్పే టీచర్లు ఒకసారి చదవండి. "స్టాఫ్ నొటేషన్ సాఫ్ట్‌వేర్, లైఫ్‌టైమ్ లైసెన్స్, చాలా తక్కువ ధర" అని వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. దానికి డబ్బులు కట్టొద్దు. (స్టాఫ్ నొటేషన్ అంటే ఐదు గీతల మీద స్వరాలు రాసే పద్ధతి.)

గ్రేడ్ పరీక్షలు రాసే పిల్లలకు పాఠాలు, వాటితో పాటు కొన్ని అన్నమయ్య కీర్తనలు స్టాఫ్‌లో రాసిద్దామని నేను తీసుకున్నాను. యూపీఐలో డబ్బు వెళ్లగానే ఒక ఈమెయిల్, పాస్‌వర్డ్ వచ్చాయి. తెరిచి చూస్తే అకౌంట్‌లో ఉన్నది ఎవరో విద్యార్థి పేరు. ఇదేంటని అడిగితే "అన్నీ ఇట్లే వస్తాయి మేడం, టెన్షన్ పడొద్దండి" అన్నాడు అమ్మినతను. కొన్నాళ్లు బాగానే నడిచింది, సరిగ్గా పిల్లల ప్రోగ్రాం దగ్గర పడ్డాక గడువు అయిపోయిందని ఆగిపోయింది, ఫైల్ తెరుచుకుంటుంది గానీ సేవ్ కాదు, ప్రింట్ రాదు. అంటే ఎవరిదో స్టూడెంట్ చందాని లైఫ్‌టైమ్ అని మనకు అంటగట్టారన్నమాట. ఫోన్ చేస్తే ఎత్తడు. గ్రూపులో అడిగితే నన్నే తీసేశారు! అతను పంపిన బిల్లు మీద జీఎస్టీ నంబరు కూడా లేదు.

అయినా ఈ సాఫ్ట్‌వేర్లలో లైఫ్‌టైమ్ అంటే ఎవరి లైఫ్‌టైమో ముందు అడగాలి. 1988 నుంచి ఉన్న ఫినాలే అనే నొటేషన్ సాఫ్ట్‌వేర్‌ని మేక్‌మ్యూజిక్ కంపెనీ 2024 ఆగస్టులో ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఏడాది తర్వాత కొత్త కంప్యూటర్లో యాక్టివేట్ చేసుకోవడం కుదరదని మొదట చెప్పి, వాడేవాళ్లు గోల చేశాక వెనక్కి తగ్గింది. పూర్తి ధర పెట్టి కొన్నవాళ్లకే ఆ గతి పడితే, ఎవరో పంపిన పాస్‌వర్డ్‌కి దిక్కెవరు? అందుకే ఏ సాఫ్ట్‌వేర్‌లో రాసినా ప్రతి ఫైలుకీ మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్ అనే ఫైల్ రకంలో ఒక కాపీ దాచుకోండి, దాన్ని వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరవొచ్చు. పేజీ అమరిక కాస్త చెదిరినా స్వరాలు పోవు.

మన పనికి మ్యూజ్‌స్కోర్ అనే నొటేషన్ సాఫ్ట్‌వేర్ చాలు, అది పూర్తిగా ఉచితం. అదే పేరుతో పాటల నోట్స్ దించుకునే సైట్ ఒకటి ఉంది, చందా అడిగేది ఆ సైటే, సాఫ్ట్‌వేర్‌కి పైసా కట్టక్కర్లేదు. డొరికో అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌కి కూడా ఉచిత వెర్షన్ ఉంది గానీ అందులో ఎన్ని వాయిద్యాలకు రాయొచ్చో పరిమితి పెట్టారు. డబ్బు పెట్టి కొనాలనుకుంటే ముందు ట్రయల్‌లో స్వరాల కింద తెలుగు సాహిత్యం టైప్ చేసి ప్రింట్ తీసి చూడండి, 'స్త్ర', 'క్ష్మి' లాంటి చోట్ల వత్తులు విడిపోతే ఫాంట్ మార్చి మళ్లీ చూడాలి. గమకాలు ఎందులోనూ పూర్తిగా రావు, అది ఎటూ మనం పాడి చెప్పాల్సిందే.

ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు యూపీఐ రెఫరెన్స్ నంబరు, చాట్ స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యం చేసేకొద్దీ డబ్బు వెనక్కి రావడం కష్టం. ఆ మెసేజ్ మీ గ్రూపులో కనిపిస్తే అడ్మిన్‌కి చెప్పి తీయించండి.