కౌంటర్‌స్పెలా, డిస్పెల్ మ్యాజికా: ఏది మేలు?

బల్ల చుట్టూ కూర్చుని డైస్ వేస్తూ కథ నడిపే ఆట డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో విజార్డ్, అంటే మాంత్రికుడి పాత్ర, ఐదో లెవెల్‌కి రాగానే తన పుస్తకంలో మూడో లెవెల్ మంత్రాలు రెండు రాసుకోవచ్చు (మంత్రాల లెవెల్ లెక్క వేరు). ఒకటి ఎలాగూ నిప్పుల గోళం విసిరే ఫైర్‌బాల్‌కి పోతుంది. విజయనగరంలో ఆదివారాలు మేం ఆడే బల్ల దగ్గర పేచీ అంతా రెండోదాని మీదే: ఎదుటివాడి మంత్రాన్ని నోట్లోనే నొక్కేసే కౌంటర్‌స్పెలా, పడిపోయిన మంత్రాన్ని విప్పేసే డిస్పెల్ మ్యాజికా? నా ఓటు డిస్పెల్‌కే.

కౌంటర్‌స్పెల్‌కి ఆకర్షణ ఎక్కువ, కాదనను. అరవై అడుగుల లోపు ఎవడైనా మంత్రం వేస్తూ కంటబడితే రియాక్షన్‌తో, అంటే ఎదుటివాడి వంతులోనే చేసే ఎదురుచర్యతో, ఆపొచ్చు. 2014 నిబంధనల్లో మూడో లెవెల్ వరకు అడ్డే లేదు. ఆ పైన ఇరవై ముఖాల డైస్ వేసి, బోనస్ కలిపి, పది ప్లస్ మంత్రం లెవెల్ అందుకోవాలి. ఇంటెలిజెన్స్ బోనస్ నాలుగున్న విజార్డ్ ఐదో లెవెల్ మంత్రాన్ని ఆపాలంటే డైస్ మీద 11 గానీ ఆ పైన గానీ పడాలి, అంటే సగానికి సగం.

అసలు చిక్కు వేరే. ఆపేముందు అది ఏ మంత్రమో తెలుస్తుందా?

"అదేటి మంత్రమో ముందు చెప్పు బావా!"

"చెప్పను. చేతులు తిప్పుతూ ఏదో గొణుగుతున్నాడు. ఆపుతావా, లేదా?"

ఆట నడిపే డీఎం (డంజియన్ మాస్టర్) అలా అన్నప్పుడు అందరికీ కోపం వస్తుంది గానీ, న్యాయం ఆయన వైపే ఉంది. 2017లో వచ్చిన అదనపు నిబంధనల పుస్తకం జానథార్స్ గైడ్ ప్రకారం మంత్రాన్ని గుర్తుపట్టడానికే రియాక్షన్ ఖర్చవుతుంది. రౌండ్‌కి రియాక్షన్ ఒకటే కాబట్టి, గుర్తుపట్టినవాడు ఆపలేడు. పక్కవాడు గుర్తుపట్టి అరిస్తే మీరు ఆపొచ్చని మా బల్ల దగ్గర ఒప్పుకుంటాం, జట్టుగా ఆడినట్టూ ఉంటుంది.

2024లో వచ్చిన కొత్త నిబంధనల పుస్తకం లెక్కే మార్చేసింది. ఇప్పుడు మంత్రం వేసేవాడు కాన్‌స్టిట్యూషన్ సేవ్, అంటే ఒంటి బలంతో తట్టుకోడానికి డైస్, వేస్తాడు. ఓడినా ఆ మంత్రానికి వాడిన యాక్షన్ (వంతులో చేసే ముఖ్యమైన పని) పోతుందే తప్ప, మంత్రానికి ఖర్చయ్యే స్లాట్ పోదు, మళ్లీ రౌండ్‌లో అదే మంత్రం మీద పడొచ్చు. ఓడిన సేవ్‌ని గెలుపుగా మార్చుకునే లెజెండరీ రెసిస్టెన్స్ ఉన్న బాస్ అయితే ఆ సేవ్ కూడా గెలిచేస్తాడు.

డిస్పెల్ అలా కాదు. యాక్షన్ ఖర్చవుతుంది గానీ నూట ఇరవై అడుగుల దూరం పనిచేస్తుంది, మీరు ఆపేది ఏమిటో ముందే కళ్లెదుట ఉంటుంది. మా డీఎం ఓ కథని శాలిహుండం కొండ మీద పెట్టాడు. కింద వంశధార, పైన స్తూపాల శిథిలాలు, వాటికి అరవై అడుగుల ఎత్తున ఎగురుతూ ఒక మాంత్రికుడు. ఫ్లై మూడో లెవెల్ మంత్రం కాబట్టి డిస్పెల్‌కి డైస్ పనే లేదు. పది అడుగులకి ఒక ఆరు ముఖాల డైస్ (డీ6) చొప్పున ఆరు డైస్ దెబ్బతో రాళ్ల మీద పడ్డాడు.

అయితే మంత్రం వివరాల్లో కాలవ్యవధి చూడకుండా డిస్పెల్ వేయొద్దు. తక్షణం అని ఉంటే విప్పడానికి ఏమీ మిగలదు. యానిమేట్ డెడ్‌తో లేచిన అస్థిపంజరాలు డిస్పెల్‌కి కూలవు, ఎందుకంటే మంత్రం అప్పుడే అయిపోయింది. వాల్ ఆఫ్ స్టోన్ గోడని పది నిమిషాల లోపు విప్పొచ్చు. ఏకాగ్రత చెదరకుండా పది నిమిషాలూ నిలిపితే అది మామూలు రాయే. ఇంకో మాట: స్నేహితుణ్ణి కదలకుండా కట్టేసిన హోల్డ్ పర్సన్ తీయబోతే వాడికి మేలు చేస్తున్న బ్లెస్ కూడా పోతుంది. మనిషికి గురిపెడితే మంచీ చెడూ అన్నీ ఊడతాయని చదవడమే సరైనదని నా నమ్మకం.

ఎనిమిదో లెవెల్ యాంటీమ్యాజిక్ ఫీల్డ్ వీటితో పోల్చదగ్గది కాదు. అది పది అడుగుల మేర మంత్రాల్ని అణచిపెడుతుంది గానీ తుడిచేయదు, మీ మంత్రాలతో సహా.

మీ జట్టులో క్లెరిక్, అంటే దైవశక్తితో మంత్రాలు వేసే పాత్ర, ఉంటే మాత్రం నా ఓటు మారుతుంది. క్లెరిక్ రోజూ తన జాబితా మొత్తంలోంచి ఎంచుకుంటాడు, అందులో డిస్పెల్ ఉంది, కౌంటర్‌స్పెల్ లేదు. అప్పుడు విప్పే పని ఆయనకి వదిలేసి విజార్డ్ నిశ్చింతగా కౌంటర్‌స్పెల్ రాసుకోవచ్చు.