ఏడాదిన్నర తర్వాత గ్రూప్ థెరపీ: పైకి చదివిన నోటుబుక్

హైదరాబాదులో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో, ఇంటర్నెట్ వ్యసనాన్ని కొలవడానికి అమెరికన్ మనస్తత్వవేత్త కింబర్లీ యంగ్ రూపొందించిన 20 ప్రశ్నల పరీక్షలో నూటికి 68 రావడంతో, ఇంటర్నెట్ వాడకం అదుపు తప్పిన విద్యార్థుల కోసం మా విశ్వవిద్యాలయంలో నడిపిన ఎనిమిది వారాల గ్రూప్ థెరపీలో చేరాను. అందులో నన్ను మార్చింది నోటుబుక్ కనుక దాని గురించే రాస్తాను.

ఫోన్ పట్టుకున్న ప్రతిసారీ సమయం, అంతకు నిమిషం ముందు ఏం చేస్తున్నామో ఒక వరుసలో రాసి, శనివారం ఏడుగురి ముందు పైకి చదవాలి. మూడో వారం నేను చదువుతుండగా, "రాత్రి 11.40, అమ్మతో మాట్లాడి పెట్టేశాను" అన్న వరుస నాలుగుసార్లు వచ్చిందని నాకంటే ముందు పక్కనున్న బీటెక్ కుర్రాడు గమనించాడు. "అన్నా, అమ్మగారు ఏమడుగుతారు?" అన్నాడు మెల్లగా. రెండు పేపర్లు తప్పిన సంగతి ఇంట్లో చెప్పలేదని ఆ గదిలోనే మొదటిసారి నోరు విప్పాను. తెల్లవారుజాము మూడింటిదాకా రీల్స్ చూడడానికీ, దాచిన ఆ మాటకూ ఉన్న ముడి నాకు ఒంటరిగా ఎప్పటికీ తట్టేది కాదు.

అందుకే ఆరో వారం జరిగినది ఇప్పటికీ బాధిస్తుంది. సెమిస్టర్ పరీక్షలని సమావేశాలు ఆపి, పేజీల ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టమన్నారు. అందరూ చూశారా అని నీలి టిక్కుల కోసం మాటిమాటికీ ఫోన్ తెరిచేవాణ్ని, అటునుంచి అటే రీల్స్‌లోకి వెళ్లేవాణ్ని. ఫొటోలకు బొటనవేలి గుర్తులు వచ్చాయి కానీ, ఒక్క ప్రశ్నా రాలేదు. పది రోజుల్లో మళ్లీ తెల్లవారుజాము మూడింటికే నిద్ర.

థెరపీ ముగిశాక నెలపాటు ఒక్కణ్నే రాశాను. పేజీలు నిండాయి, నిద్ర మాత్రం కుదుటపడలేదు. ఇప్పుడు ఆ బీటెక్ తమ్ముడూ నేనూ ఆదివారాలు టీకొట్టు దగ్గర ఒకరిది ఒకరు చదువుకుంటున్నాం, పన్నెండున్నరకల్లా పడుకోగలుగుతున్నాను.

ఇది అందరికీ సరిపోతుందని అనను. నాది రీల్స్ సమస్య. రాత్రంతా ఆన్‌లైన్ ఆటల్లో ఉండే మిత్రుడొకడు మూడో వారమే మానేసి, తర్వాత బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో ఇలాంటి సమస్యలకే 2014లో మొదలైన షట్ క్లినిక్‌కు వెళ్లాడు. అతనికి వైద్యుడి సాయమే అవసరమైంది. పైగా నా హాస్టల్ నుంచి మా థెరపీ గది ఐదు నిమిషాల నడక, ఫీజు కూడా లేదు. రెండు బస్సులు మారి రావలసి ఉంటే మూడో శనివారం దాకా నేను నిలిచేవాణ్నో లేదో చెప్పలేను.