ధోలావీరా: ఎడారిలో నీటిని దాచుకున్న నగరం

గుజరాత్‌లోని కచ్ వెళ్లేవాళ్లలో చాలామంది ధోర్డో గ్రామం దగ్గర తెల్లటి రణ్‌లో, అంటే ఉప్పు ఎడారిలో, సూర్యాస్తమయం చూసి వెనుదిరుగుతారు. నన్నడిగితే ఆ యాత్రలో తప్పక చూడవలసినది ధోలావీరా. గ్రేట్ రణ్ మధ్య ఖదీర్ దీవి మీద క్రీ.పూ. 3000 నుంచి 1500 వరకు నిలిచిన సింధు నాగరికతా నగరమిది. దగ్గర్లో జీవనది లేదు. వాన తక్కువ, అది కూడా కొద్ది రోజులే. చుట్టూ ఉప్పునేల. ఇంత కరువు చోట మనుషులు అన్ని వందల ఏళ్లు ఎలా బతికారో అక్కడి రాళ్ల మధ్య తిరిగితే తెలుస్తుంది.

కచ్ జిల్లా కేంద్రం భుజ్‌లో టాక్సీ మాట్లాడుకుని ఖావ్‌డా మీదుగా వెళ్లాం. రణ్‌ను చీల్చుకుంటూ సాగే కొత్త రోడ్డు వల్ల దూరం బాగా తగ్గింది. శీతాకాలంలో రెండు పక్కలా ఉప్పు మెరుస్తుంటుంది. పెట్రోలు, తాగునీళ్లు భుజ్‌లోనే నింపుకోవడం మంచిది.

శిథిలాలను చూడటానికి ఊళ్లోని గైడ్‌ను తప్పక తీసుకోండి. లేకపోతే కోట, నడిమి పట్టణం, దిగువ పట్టణం అన్నీ ఒకేలాంటి రాళ్ల గుట్టల్లా కనిపిస్తాయి. మా గైడ్ ముందుగా నేల వాలు చూపించాడు. నగరానికి ఉత్తరాన మన్సర్, దక్షిణాన మన్హర్ అనే వాగులున్నాయి. రెండూ వానాకాలంలోనే పారతాయి. వాటికి అడ్డుకట్టలు వేసి, వరద నీటిని నగరం చుట్టూ తవ్విన జలాశయాలకు మళ్లించారు. నగర గోడల లోపలే నేల 13 మీటర్ల వరకు వాలుతుంది కాబట్టి ఒకటి నిండితే నీరు తర్వాతి దానిలోకి దిగేది. తూర్పు జలాశయం 73 మీటర్లకు పైగా పొడవు, 29 మీటర్ల వెడల్పు, దాదాపు 10 మీటర్ల లోతు. దాని మెట్ల మీద నిలబడి కిందికి చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు. మాది అనంతపురం జిల్లా. చెరువు నిండిన ఏడాదిని పండుగలా గుర్తుపెట్టుకునే ఊళ్లలో పెరిగినవాణ్ణి కనుక ఆ గుంత విలువ నాకు వెంటనే తెలిసింది.

కోటలో పడిన వానను సైతం వదల్లేదు. రాతి కాలువలు ఆ నీటిని వేరే తొట్టెకు చేరవేసేవి. బావి అంచు రాతిపై తాడు ఒరుసుకుని పడిన గాట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఇంకా ఎవరూ చదవలేకపోయిన పది గుర్తుల ఫలకం ఉత్తర ద్వారం దగ్గర దొరికింది. యాత్రికులంతా దాని గురించే అడుగుతారు. నా దృష్టిలో ఆ తాడు గాట్లు దానికంటే గొప్పవి.

పురావస్తు శాస్త్రవేత్త జె.పి. జోషి 1960లలో ఈ స్థలాన్ని వెలుగులోకి తెచ్చారు. ఆర్.ఎస్. బిష్ట్ 1990 నుంచి తవ్వకాలు జరిపించారు. 2021లో ధోలావీరా యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. పక్కనున్న మ్యూజియం చిన్నదే. పూసలు, తూకపు రాళ్లు చూడటానికి అరగంట చాలు. శుక్రవారం సెలవు.

బస విషయంలో స్పష్టంగా చెబుతాను. మొదటి రాత్రి ఒక గుడారాల బసలో దిగాం. అద్దె ఎక్కువ, మధ్యాహ్నం గుడ్డ వేడెక్కి లోపల కూర్చోలేకపోయాం, తెల్లవారుజామున చలికి నిద్రపట్టలేదు. మర్నాడు ఊళ్లో ఒక కుటుంబం నడిపే భుంగాకు మారాం. గుండ్రటి మందపు మట్టిగోడలు, గడ్డి కప్పు. పగలు చల్లగా, రాత్రి వెచ్చగా ఉంది. 2001 భూకంపంలో ఇలాంటి ఇళ్లు చాలా నిలబడ్డాయి. సజ్జ రొట్టె, వంకాయ కూర, మజ్జిగతో భోజనం కడుపునిండా పెట్టారు. వేడినీళ్లు బకెట్‌తో ఇస్తారు, షవర్ ఉండదు. నీటి విలువ తెలిసిన చోట అది సబబే అనిపించింది.

భుజ్ నుంచి పొద్దున వచ్చి సాయంత్రం తిరిగిపోయే ప్రయాణాన్ని నేను సిఫారసు చేయను. ఎండ ముదరకముందే శిథిలాలు చూడాలంటే ఖదీర్‌లోనే ఒక రాత్రి ఉండాలి, ఎందుకంటే అక్కడ నీడ దాదాపు లేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. దగ్గర్లోని శిలాజాల పార్కు బాగానే ఉంటుంది గానీ, సమయం చాలకపోతే దాన్ని వదిలేసి ఆ గంటలు కూడా జలాశయాల దగ్గరే గడపండి.