సుంకి ఘాట్‌లో టర్బో డీజిల్: 1,10,000 కిలోమీటర్ల తర్వాత

సుంకి ఘాట్ మీదుగా పోయే సాలూరు–కొరాపుట్ దారిలో తిరిగే 1.5 లీటర్ల డీజిల్ బండి ఇది. మైలేజీ, సీట్లు, ఏసీ సంగతి అందరికీ తెలిసిందే. చెప్పాల్సిందల్లా ఇంజిన్‌లోకి వెళ్లే గాలి గురించే.

కొరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తుకి గాలి 8 శాతం దాకా పలచబడుతుంది, టర్బో (గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపే పంకా) లేని బండి బలం కూడా ఇంచుమించు అంతే తగ్గుతుంది. టర్బో బండికి ఆ లోటే తెలియదు. లోడు లారీ వెనక నుంచి మూడో గేరులోనే, 1,800 ఆర్‌పీఎం దాటగానే లాగేస్తుంది. ఆ లాగుడు కోసమే ఈ బండి అంటే ప్రాణం. కాకపోతే హెయిర్‌పిన్ మలుపులో 1,500 కిందకి జారితే చప్పున లేవదు, రెండో గేరు వెయ్యాల్సిందే. అదే పని చేస్తూ బెల్టుతో తిరిగే సూపర్‌చార్జర్‌కి ఈ జాగు ఉండదు గానీ, అది తిరగడానికి ఇంజిన్ శక్తినే తింటుంది. టర్బోని తిప్పేది సైలెన్సర్‌లోకి పోయే పొగే.

82,000 దగ్గర వచ్చింది అసలు బాధ. ఎక్కుడులో బుస్సుమని శబ్దం, వెనక నల్లపొగ, ఇంజిన్ లైటు, 2,500 దాటని ఆర్‌పీఎం. టర్బో పోయింది, కొత్తది వెయ్యాలన్నారు ఒక షెడ్డులో. తీరా చూస్తే పోయింది ఇంటర్‌కూలర్ (టర్బో నొక్కిన గాలిని చల్లబరిచేది) హోస్ పైపు! క్లిప్పు పక్కనే, అడుగువైపు అంగుళం చీలిక. బండి ఆగి ఉంటే అతుక్కునే ఉంటుంది, బూస్ట్ (టర్బో నొక్కిన గాలి ఒత్తిడి) రాగానే నోరు తెరుస్తుంది. ఇంజిన్ నుంచి వచ్చే నూనె ఆవిరికి రబ్బరు మెత్తబడింది, సన్నని క్లిప్పు అంచు దాన్ని కోసేసింది.

కాబట్టి టర్బో మార్చమంటే ముందు హోస్ విప్పి, చేత్తో వంచి చూడండి. తర్వాత చల్లారిన ఇంజిన్ మీద టర్బో ఇరుసును వేళ్లతో కదపండి. పక్కలకి కాస్త ఆడితే ఫరవాలేదు. ముందుకీ వెనక్కీ ఆడినా, రెక్కలు గోడకి రాసుకున్నా పోయినట్టే. కొత్త హోస్ వేసేటప్పుడు పైపు మూతికున్న నూనె శుభ్రంగా తుడవకపోతే మళ్లీ జారుతుంది. క్లిప్పు వెడల్పుది వెయ్యాలి.

ఘాట్ ఎక్కి ఆపగానే తాళం తిప్పెయ్యకండి. ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచితే బేరింగుల్లో నూనె మాడదు. ఎర్రదుమ్ము రోడ్లలో ఎయిర్ ఫిల్టర్‌ని పుస్తకంలో రాసినదానికి సగం దూరానికే మార్చడం మంచిది.

వారానికి రెండుసార్లు ఘాట్ ఎక్కే బండికి టర్బోనే సరి. బరంపురం, ఛత్రపురం మధ్య చదును రోడ్డు మీద తిరిగే బండయితే మామూలు పెట్రోలే సుఖమేమో. ఈ బండికి ఇప్పటికీ పాత టర్బోనే ఉంది. డిక్కీలో మాత్రం ఒక హోస్, రెండు క్లిప్పులు, 7 ఎం.ఎం. పానా ఎప్పుడూ ఉంటాయి.