సత్రం మిద్దె: సంగటికి వెళ్ళండి, గది మాత్రం గోడ తట్టి చూసి తీసుకోండి

తిరుపతి నుంచి చంద్రగిరి దారిలో శ్రీనివాస మంగాపురం దాటాక పాత ఊళ్ళోకి తిరిగి ‘సత్రం మిద్దె ఎక్కడ’ అని అడగాలి. బోర్డు లేదు, మ్యాపు పక్క వీధికి తీసుకుపోతుంది. ముందు పడసాలలో భోజనాల హోటలు, లోపల తొట్టి (ఇంటి నడుమ పైకప్పు లేని వాకిలి) చుట్టూ అద్దెకిచ్చే నాలుగు గదులు, వెనక వరసలో ఇప్పటికీ కాపురముంటున్న మూడు కుటుంబాలు, వీటన్నిటి కిందా నేలమాళిగ. ఒకే మిద్దె ఇన్ని పనులు మోస్తుంటే ఏదో ఒకటి కుంటుతుంది. ఇక్కడ కుంటుతున్నవి గదులు. వంటకూ నేలమాళిగకూ మాత్రం పని పెట్టుకుని వెళ్ళొచ్చు.

కొండకు కాలినడకన పోయే రోజుల కట్టడం ఇది. చంద్రగిరి వైపు నుంచి వచ్చేవాళ్ళకు శ్రీవారి మెట్టే దగ్గరి దారి, 2388 మెట్లు. రాత్రికి ఇక్కడ తలదాచుకుని తెల్లారుజామున ఎక్కేవాళ్ళు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు పడ్డాక సత్రానికి జనం తగ్గారు. దాంతో దీన్ని చింతపండు, రాగుల గోదాముగా మార్చారు. మిద్దెను కాపాడింది ఆ మార్పే. సరుకు చెమ్మగిల్లకూడదు కనక కప్పును ఏటా చూసుకున్నారు, నేలమాళిగను పూడ్చలేదు.

ఇక సంగటి. హోటళ్ళలో సంగటి చెడేది ఎక్కువగా ఒక్క చోటే, పిండి పోసీ పోయకముందే కెలకడం దగ్గర. ఇక్కడ వంటామెకు ఆ తొందర లేదు. లెక్క ఇది: నానిన నూకలు ఒక గ్లాసుకు నీళ్ళు ఆరు గ్లాసులు. మెతుకు చితికేదాకా ఉడికాక రెండు గ్లాసుల రాగిపిండి మధ్యలో కుప్పగా పోసి, కట్టెతో కుప్పలో గుంట చేసి, మూతపెట్టి సన్నమంట మీద పది నిమిషాలు వదిలేస్తారు. గుంటలోంచి గంజి పొంగి పిండిని ఆవిరి మీద మగ్గనిస్తుంది. కట్టె తిప్పేది ఆ తర్వాతే. ముందే తిప్పితే పిండికి పైపొర ఉడికి, లోపల పచ్చిది చిక్కుకుని ఉండలు కడుతుంది. అవి ఎంత కెలికినా విడవవు. అయిందో లేదో చూడాలంటే చెయ్యి తడి చేసుకుని ముద్ద మీద తట్టాలి, అంటకపోతే దించొచ్చు. ఇక్కడి ముద్ద విరిస్తే లోపల మెతుకు కనబడుతుంది, తెల్లటి పిండి మచ్చ కనబడదు.

పన్నెండున్నరకు వెళ్ళండి, రెండు దాటనివ్వకండి. చల్లారిన ముద్దకు పైన పెచ్చు కడుతుంది, తర్వాత వచ్చినవాళ్ళకు దాన్నే ఆవిరి పట్టి పెడతారు. దాచిపెట్టరు లెండి, ‘పొద్దున్ది సార్, వేడి చేసి ఇచ్చేదా?’ అని అడిగే పెడతారు. అలా అడిగితే అన్నం తీసుకోవడం మేలు.

ఊరిబిండి, అంటే శెనక్కాయ పచ్చడి, రోటిది. వేయించిన శెనక్కాయ విత్తనాలు పూర్తిగా నలగక పంటికి తగులుతాయి, ఎర్రగడ్డ చివర్లో వేసి రెండు దెబ్బలు మాత్రమే దంచుతారు. మిక్సీలో తిప్పితే ఇదే సరుకు నూనె విడిచి ముద్దయిపోతుంది. నాటుకోడి నిజంగా నాటుదే. ఎముక పంటికి లొంగదు, తోలుకు పసుపు రాసి కాల్చిన వాసన ఉంటుంది. ఆదివారం మాత్రం పులుసు జోలికి పోవద్దు. జనం పెరిగేకొద్దీ దబరలో వేడినీళ్ళు పెరుగుతాయి, నూరిన ధనియాలు, గసాలు, కొబ్బరి ముద్ద అంతే ఉంటుంది. చివరి పంక్తికి నూనె ఒక పక్క, పులుసు ఒక పక్క. సంగటి, ఊరిబిండి, ఆకుకూర పప్పు, మజ్జిగ కలిపి 160 రూపాయలు. కోడి పులుసు గిన్నె 220, అది వేరే.

నేలమాళిగకు పన్నెండు రాతి మెట్లు, నాలుగో మెట్టు దగ్గర బండకు తల తగులుతుంది. బెంగళూరు నుంచి వచ్చేవాళ్ళు దీన్ని చూసి ‘వైన్ సెల్లార్ పెట్టుకోవచ్చు కదా’ అంటుంటారు. లైసెన్సు మాట పక్కన పెట్టినా కుదిరే పని కాదు. వైన్ నిలవుండాలంటే 12, 13 డిగ్రీలు కావాలి. నేలలోకి కొన్ని గజాలు దిగితే ఉండే వేడి ఆ ఊరి ఏడాది సగటుకు దగ్గరగా ఉంటుంది. ఫ్రాన్సులో బర్గండీ లాంటి చోట ఆ సగటే 11 డిగ్రీల దగ్గర, కాబట్టి గొయ్యి తవ్వితే చాలు. మనకు 28కి అటూఇటూ. మే నెలలో బయట 42 కాస్తున్నప్పుడు దిగితే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది గానీ, అక్కడ ఉన్నది చలువ కాదు, నిలకడ. పగలూ రాత్రీ, ఎండాకాలం చలికాలం పెద్ద తేడా రాదు.

ఆ నిలకడకు తగిన సరుకే పెట్టారు. పాత చింతపండు బానల్లో నల్లబడి ఉంది, పులుసులకు దాన్నే వాడతారు. ఊరగాయ జాడీలను బండ మీద కాక చెక్క పీటల మీద పెట్టారు, అడుగున చెమ్మ పట్టకుండా. బెల్లం అచ్చులు మాత్రం అక్టోబరు వానలకు చెమరుస్తాయని అటకెక్కిస్తారు.

ఒక మూల బండ కింద రాగుల పాతర ఉంది. మూతి ఒక మనిషి దూరేంత, లోపల కడుపు వెడల్పు. గోడల వెంట గడ్డి పరిచి, రాగులు నింపి, బండ వేసి చుట్టూ మట్టి మెత్తుతారు. గింజ చిన్నది, గట్టిది. గాలాడని చోట పురుగు బతకదు, రాగులు ఏళ్ళ తరబడి నిలుస్తాయి. ఇంతవరకూ బాగుంది. బాగాలేనిది, వచ్చినవాళ్ళకు ఫొటో కోసం బండ జరిపి చూపించడం. మూసి ఉంచిన పాతరలో గింజలే ప్రాణవాయువు వాడేసుకుంటాయి, బొగ్గుపులుసు వాయువు అడుగున పేరుకుంటుంది. తెరిచినరోజే దిగి పైకి రాలేకపోయినవాళ్ళ సంగతి పల్లెల్లో పెద్దవాళ్ళకు బాగా తెలుసు. అందుకే ఒక రోజంతా తెరిచి ఉంచి, తాడుకు దీపం కట్టి దించి చూస్తారు. దీపం ఆరితే దిగరు. ఆరలేదని ధైర్యంగా దిగడమూ తప్పే, గాలి మారనివ్వాలి. మెట్ల దగ్గర లాంతరు వేలాడుతూనే ఉంది గానీ అదెందుకో చెప్పే చీటీ ఒక్కటీ లేదు. పిల్లలతో వెళ్తే ఆ మూలకు పోనివ్వకండి.

గదుల్లో రెండు ఏసీవి, 2400. రెండు మామూలువి, 1500. అందరూ ఏసీవే అడుగుతారు, అక్కడే బోల్తా పడతారు. మామూలు గదుల గోడలకు పాత గానుగ సున్నం పూత ఉంది. సున్నం, ఇసుక గానుగలో రుబ్బి, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసి పట్టించినది. నేలలోంచి గోడకెక్కే చెమ్మ ఆ పూతలోంచి బయటికి ఆరిపోతుంది. ఏసీ గదులకు ‘బాగుచేత’ పేరుతో సున్నం చెక్కేసి సిమెంటు పూసి, పైన ప్లాస్టిక్ పెయింటు వేశారు. ఇప్పుడు చెమ్మకు దారి లేదు. అది పైపైకి ఎక్కి, వెంట తెచ్చుకున్న ఉప్పును పూత వెనక వదిలేస్తుంది, పూత ఉబ్బి రాలుతుంది. మళ్ళీ సిమెంటే పూస్తున్నారు. డబ్బు కట్టకముందు మోకాలి ఎత్తులో గోడను వేలి కణుపుతో తట్టండి. డొల్ల శబ్దం వచ్చినా, తెల్లటి పొడి రాలినా, పరుపు ముక్కవాసన కొట్టినా మామూలు గది అడగండి. అందులో గవాక్షి తెరిచి పెడితే ఫ్యాను చాలు, ఏప్రిల్, మే తప్ప.

నీళ్ళ ట్యాంకు గదులకూ వెనక కుటుంబాలకూ ఒక్కటే. ఆరు నుంచి ఏడున్నర దాకా ధార సన్నబడుతుంది, స్నానం అంతకుముందే కానివ్వండి. వెనక వాకిలి వాళ్ళ ఇల్లు, చూసే చోటు కాదు. కెమెరాతో అటు పోకండి. చంద్రగిరి రాజమహల్ కూడా చూడాలనుకుంటే శుక్రవారం పెట్టుకోవద్దు, మ్యూజియం సెలవు.

నేలమాళిగలో బెల్లం కొనేటట్టయితే నల్లటి అచ్చు తీసుకోండి. లేత పసుపు రంగుది కూడా పెట్టారు గానీ, ఆ రంగు హైడ్రోస్ అనే రంగు తేల్చే రసాయనం వేస్తే వచ్చేది. అడిగితే వాళ్ళే ఒప్పుకుంటారు. డబ్బు పైనే కట్టి చీటీ తీసుకుని దిగాలి, కింద ఫోన్‌పేకు సిగ్నలు అందదు.