ఫెండర్ డీలక్స్ రివర్బ్: 65 రీఇష్యూ, 68 కస్టమ్, టోన్ మాస్టర్‌లలో నెల్లూరు, ఒంగోలు వైపు ఏది నిలబడుతుంది

ఫెండర్ గిటారు ఆంపు (ఆంప్లిఫయర్) డీలక్స్ రివర్బ్ కొనాలనుకునేవాళ్లు ముందు తమ ఊరి కరెంటు సంగతి చూసుకోవాలి. ధ్వని గురించిన చర్చ ఆ తర్వాతే. ఈ ఆంపు ఇప్పుడు నాలుగు రూపాల్లో ఉంది: 65 రీఇష్యూ (పాత మోడలునే మళ్లీ తయారుచేసినది), 68 కస్టమ్, చేత్తో వైరింగు చేసిన 64 కస్టమ్, అసలు ట్యూబులే (వేడెక్కి పనిచేసే గాజు వాల్వులు) లేని టోన్ మాస్టర్. నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఎలక్ట్రిక్ గిటారు ఎక్కువగా మోగేది చర్చిల్లో, క్రిస్మస్ కార్యక్రమాల్లో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో. అక్కడి బోర్డులో సాయంత్రం ఉండే వోల్టేజి వేరు, అర్ధరాత్రి దాటాక వేరు, జనరేటరు మీద మరీ వేరు. అందుకే నా తీర్పు ముందే చెబుతున్నా. ఊళ్లు తిరిగి వాయించేవాళ్లు టోన్ మాస్టర్ తీసుకోండి. ఆంపును ఒకేచోట ఉంచి, స్టెబిలైజర్ మీద నడిపి, ట్యూబుల బాగోగులు చూసుకునే ఓపిక ఉన్నవాళ్లకు 65 రీఇష్యూని మించింది లేదు. 68 కస్టమ్ అందరికీ కాదు.

మొదటి డీలక్స్ రివర్బ్ 1963లో వచ్చింది. 22 వాట్లు, 12 అంగుళాల స్పీకరు ఒకటి, నార్మల్, వైబ్రాటో అని రెండు ఛానళ్లు, స్ప్రింగు రివర్బు (ప్రతిధ్వని), ట్రెమొలో (సౌండు లయగా హెచ్చుతగ్గులవడం). రికార్డింగు స్టూడియోల్లో ఇంతగా స్థిరపడిన ఆంపులు తక్కువ. ఆ నల్ల ప్యానెల్ కాలపు ఏబీ763 సర్క్యూట్‌నే 65 రీఇష్యూలో ప్రింటెడ్ బోర్డు మీదికి తెచ్చారు. రీఇష్యూ మొదలైంది 1993లో. స్పీకరు జెన్సన్ సీ-12కే, బరువు 19 కిలోలు. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై నుంచి తెచ్చుకుంటే ప్లాట్‌ఫాం మీద ఆ బరువు బాగానే తెలుస్తుంది.

65 ధ్వనిలో మొదట అర్థం చేసుకోవాల్సింది వైబ్రాటో ఛానల్. దీనికి మిడ్ నాబ్ లేదు. లోపలి రెసిస్టరు ఒకటి మిడ్‌ను ఒకేచోట నిలిపేస్తుంది. దాంతోపాటు వాల్యూమ్ నాబ్ మీద 47 పికోఫారడ్ల బ్రైట్ కెపాసిటర్ ఉంటుంది, దాన్ని ఆపే స్విచ్చి లేదు. వాల్యూమ్ 2 దగ్గర ఉన్నప్పుడు ఇది ట్రెబుల్‌ను నేరుగా దాటించేస్తుంది, చెవిలో గుచ్చినట్టుంటుంది. వాల్యూమ్ 5 దాటితే దాని ప్రభావం దాదాపు పోతుంది. చర్చిలో తక్కువ సౌండుతో వాయించేవాళ్లు "స్పీకరు బాగాలేదు" అని మార్చేస్తుంటారు. స్పీకరు తప్పేమీ లేదు. ట్రెబుల్ 4కు దించండి, లేదా నార్మల్ ఛానల్‌కు మారండి. ఆ ఛానల్‌లో బ్రైట్ కెపాసిటర్ లేదు, అందుకే ఓవర్‌డ్రైవ్ పెడల్ అక్కడే ఎక్కువ నునుపుగా పలుకుతుంది. రివర్బు మాత్రం ఆ వైపు రాదు, పెడల్‌తో తెచ్చుకోవాలి. వైబ్రాటో ఛానలే కావాలంటే టెక్నీషియన్ చేత ఆ కెపాసిటర్ ఒక కాలు విప్పించవచ్చు. నచ్చకపోతే మళ్లీ అతికిస్తే సరి.

సింగిల్ కాయిల్ పికప్ ఉన్న గిటారుకు మంచి మొదలు ఇది: వాల్యూమ్ 3 నుంచి 4, ట్రెబుల్ 5, బేస్ 3, రివర్బు 2న్నర. వాల్యూమ్ 5 దాటాక గట్టిగా మీటితే ధ్వని విరగడం (డిస్టార్ట్ అవడం) మొదలవుతుంది, మెల్లగా మీటితే మళ్లీ శుభ్రపడుతుంది. ఈ గుణం కోసమే డబ్బు పెట్టేది. 6 దాటితే బేస్ 2కు దించకపోతే కింది తీగలు బురదలా కలిసిపోతాయి. హంబకర్ (జంట కాయిల్ పికప్) గిటారు గట్టిగా కొడుతుంటే రెండో ఇన్‌పుట్‌లో పెట్టండి, 6 డెసిబెల్స్ తగ్గుతుంది.

ఇక ట్యూబులు. వెనక నుంచి చూస్తే కుడి చివరి సాకెట్ వీ1. అందులో నార్మల్ ఛానల్‌కు 12ఏఎక్స్7 రకం ట్యూబు ఉంటుంది. వీ2 వైబ్రాటో ఛానల్‌ది. వీ3 రివర్బు స్ప్రింగును కదిలించే 12ఏటీ7, వీ4 రివర్బు తిరిగి వచ్చేచోట 12ఏఎక్స్7, వీ5 ట్రెమొలోది, వీ6 ఫేజ్ ఇన్వర్టర్ 12ఏటీ7. తర్వాత పవర్ ట్యూబులు 6వీ6లు రెండు, ఎడమ చివర జీజెడ్34 రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చేది). ఈ వరుస తెలిస్తే సగం రిపేరు ఇంట్లోనే తేలుతుంది. రివర్బు పోయి మిగతాదంతా బాగుంటే ముందు కింద స్ప్రింగులుండే ట్యాంకుకు వెళ్లే రెండు ఆర్‌సీఏ ప్లగ్గులు బిగించండి, తర్వాత వీ3 మార్చి చూడండి. ట్రెమొలో ఆగిపోతే ముందు ఫుట్‌స్విచ్ చూడండి, ఆపైన వీ5. వేడెక్కాక చిటపటమంటే ఛానళ్ల వాల్యూములు ఒక్కొక్కటీ దించి ఏ వైపు నుంచి వస్తోందో పట్టుకోవచ్చు. ట్యూబు మార్చినా తగ్గకపోతే బోర్డు మీది 100 కిలోఓముల ప్లేట్ రెసిస్టర్ల మీద అనుమానం పెట్టుకోవాలి, అది టెక్నీషియన్ పని. ఛాసీ విప్పొద్దు. ప్లగ్గు పీకేసినా లోపలి కెపాసిటర్లలో 400 వోల్టులకు పైగా నిలవుండొచ్చు.

కరెంటు ఎందుకు అంత ముఖ్యమో ఇప్పుడు తెలుస్తుంది. ఈ ఆంపులో 6వీ6 ప్లేట్ల (లోపలి లోహపు రేకుల) మీద 415 వోల్టుల చుట్టుపక్కల ఉంటుంది. పాత డేటాషీట్లలో 6వీ6కు రాసిన హద్దు కంటే ఇది ఎక్కువే. ఇప్పటి తయారీ ట్యూబులు తట్టుకుంటాయి, కానీ ఆ పైన మిగిలే వెసులుబాటు కొద్దిపాటిదే. 230కి చేసిన ట్రాన్స్‌ఫార్మరుకు అర్ధరాత్రి 250 అందితే ప్లేటు 450కి చేరుతుంది, 6.3 వోల్టులుండాల్సిన హీటరు (ట్యూబును వేడిచేసే తీగ) 6.85 అవుతుంది. రోజూ ఇలా నడిస్తే ట్యూబులు తొందరగా అలసిపోతాయి. అటువైపు 190కి పడిపోతే హీటరు 5.2కు దిగి, వాల్యూమ్ ఎంత తిప్పినా ధ్వని నీరసంగా ఉంటుంది. వాయించేవాళ్లు ఆంపు పాడైందనుకుంటారు.

మందు సులువే. 500 వీఏ స్టెబిలైజర్ చాలు. ఫ్రిజ్‌కు వాడే రిలే రకం పనికొస్తుంది గానీ, వోల్టేజి మారినప్పుడల్లా రిలే టక్కుమంటుంది, ఆ టక్కు ఒక్కోసారి స్పీకరులోనూ వినపడుతుంది. సర్వో రకానికి ఆ బాధ లేదు. ఇంట్లో ఇన్వర్టర్ మీద వాయించాలంటే అది సైన్ వేవ్‌దై ఉండాలి. స్క్వేర్ వేవ్ మీద ట్రాన్స్‌ఫార్మరు బుసలు కొడుతూ వేడెక్కుతుంది. ఫంక్షన్ హాల్లో మెయిన్ నుంచి జనరేటరుకు మార్చేటప్పుడు ఆంపు పవర్ స్విచ్చే ఆపాలి. స్టాండ్‌బైలో (హీటర్లు మాత్రమే నడిచే స్థితిలో) పెడితే హీటర్లకు రక్షణ ఉండదు. జనరేటరు నిలదొక్కుకున్నాక పవర్ వేసి, నిమిషం ఆగి స్టాండ్‌బై వదలండి.

6వీ6లు మార్చినప్పుడు బయాస్ (ట్యూబు గుండా నిలకడగా పారే కరెంటు) సరిచేయించాలి. 420 వోల్టుల దగ్గర ఒక్కో ట్యూబుకు 20 నుంచి 23 మిల్లీఆంపులు సరైన కొలత. స్టెబిలైజర్ మీద పెట్టి కొలిపించండి. మధ్యాహ్నం 210 ఉన్నప్పుడు సరిచేసింది రాత్రి 245 వచ్చేసరికి హద్దు మీరొచ్చు.

68 కస్టమ్ వెండి రంగు ప్యానెల్‌తో వస్తుంది. స్పీకరు సెలెస్టియన్ జీ12వీ-70. నెగటివ్ ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి ధ్వనిని శుభ్రంగా ఉంచే ఏర్పాటు) తగ్గించారు కాబట్టి ముందే విరుగుతుంది, వేళ్ల కింద మెత్తగా ఉంటుంది. నార్మల్ ఛానల్ స్థానంలో ఫెండర్ బాస్‌మన్ ఆంపు తరహా టోన్ సర్క్యూట్‌తో కస్టమ్ ఛానల్ పెట్టారు, రివర్బు, ట్రెమొలో రెండు ఛానళ్లకూ ఇచ్చారు. పెడల్స్ మీద ఆధారపడేవాళ్లకు, బ్లూస్ వాయించేవాళ్లకు బాగుంటుంది. చర్చిలో కీబోర్డు పక్కన మెరిసే శుభ్రమైన ఆర్పెజియోలు (కార్డు స్వరాలను విడివిడిగా మీటడం) కావాలంటే 65 దే పైచేయి. కరెంటు జాగ్రత్తలు రెండిటికీ ఒకటే.

64 కస్టమ్ చాలా చక్కని వస్తువు. బోర్డు మీద ఒక్కో భాగమూ విడిగా కనపడుతుంది, రిపేరుకు అనువు. కానీ ధర నాలుగింటిలోకీ ఎక్కువ. ఆ డబ్బుతో 65 రీఇష్యూ, సర్వో స్టెబిలైజర్, ఒక జత అదనపు ట్యూబులు కొనుక్కోవడం మనవైపు తెలివైన పని.

2019లో వచ్చిన టోన్ మాస్టర్ దగ్గర చాలామంది ముఖం చిట్లిస్తారు, ట్యూబులు లేవని. ట్యూబులు లేవు కాబట్టే పైన చెప్పిన హీటర్ల, ప్లేట్ల బాధ దీనికి లేదు. లోపల 100 వాట్ల డిజిటల్ పవర్ ఆంపు 22 వాట్ల ట్యూబు ఆంపు ఇచ్చేంత సౌండును ఇస్తుంది. నియోడిమియం అయస్కాంతం ఉన్న జెన్సన్ ఎన్-12కే స్పీకరు వల్ల మొత్తం బరువు పదిన్నర కిలోల లోపే. ఒక చేత్తో ఎత్తి ఆటోలో పెట్టొచ్చు.

ధ్వనిలో తేడా ఉందా అంటే ఉంది, కొద్దిగా. శుభ్రమైన ధ్వనిలో, మైకు ద్వారా బాక్సుల్లోంచి విన్నప్పుడు రెండిటినీ విడదీయడం కష్టం. బాగా గట్టిగా మీటినప్పుడు 65 లో జీజెడ్34 ఒక్క క్షణం కుంగి మళ్లీ లేస్తుంది. టోన్ మాస్టర్ ఆ కుంగుబాటునూ అనుకరిస్తుంది గానీ వేళ్లకు కాస్త బిగువుగా తెలుస్తుంది. ఆంపుకు రెండడుగుల దూరంలో ఒంటరిగా కూర్చుని వాయించేవాళ్లకు ఈ తేడా ముఖ్యం. డ్రమ్స్, కీబోర్డు, రిథమ్ ప్యాడ్ మధ్యలో అది వినపడదు.

దీనికి ప్రతిగా దొరికేవి చూడండి. వెనక స్విచ్చితో 22, 12, 5, 1, 0.5, 0.2 వాట్లకు తగ్గించుకోవచ్చు. వాల్యూమ్ 7 దగ్గర విరిగే ధ్వని అర వాటుకు దింపి పడగ్గదిలో వినొచ్చు, చిన్న ప్రార్థనా మందిరంలో పాస్టరుగారికి ఇబ్బంది లేకుండా వాయించొచ్చు. 65 లో ఈ సౌకర్యం కావాలంటే 8 ఓముల అటెన్యుయేటర్ విడిగా కొనాలి. టోన్ మాస్టర్‌లో ఎక్స్‌ఎల్ఆర్ లైన్ అవుట్ కూడా ఉంది. క్యాబినెట్ అనుకరణ ఆన్ చేసి కేబుల్ నేరుగా మిక్సర్‌కు ఇస్తే మైకు అక్కర్లేదు. ఆ ఛానల్‌లో ఫాంటమ్ పవర్ (మిక్సర్ మైకుకు పంపే కరెంటు) ఆపి, లెవెల్ నాబ్ సున్నా నుంచి మెల్లగా పెంచమనండి. మైక్ సెట్ వాళ్లు గిటారు ఆంపుకు మైకు పెట్టే అలవాటు తక్కువైన మనవైపు ఈ ఒక్క సాకెట్టే పెద్ద ఉపకారం. 65 కు మైకు పెట్టాలంటే డైనమిక్ మైకును స్పీకరు మధ్య టోపీ అంచుకు ఎదురుగా, గుడ్డకు అంగుళం దూరంలో నిలపండి. నడిమధ్యకు పెడితే గుచ్చుతుంది.

టోన్ మాస్టర్‌కు ఉన్న లోటు రిపేరు. బోర్డు పోతే బోర్డే మార్చాలి. ట్యూబు ఆంపును సర్క్యూట్ చదవగలిగిన ఏ టెక్నీషియనైనా ఎన్నేళ్లయినా లేపగలడు. వారంటీ బిల్లు మన దేశపు డీలరుదే ఉండేలా చూసుకోండి.

అమెరికాలో ఉన్న అన్నయ్యో మేనమామో తెచ్చే ఆంపు విషయంలో ఇంకో జాగ్రత్త. అక్కడి 65, 68 మోడళ్లు 120 వోల్టులవి. 230లో పెడితే ఫ్యూజు ఎగరడంతో ఆగితే అదృష్టమే. 500 వీఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కావాలి, దానికి ముందు స్టెబిలైజర్ ఉండాలి. 120 ఇచ్చేది దొరికితే మేలు. 110 ఇచ్చేదైతే హీటరు 5.8కి దిగుతుంది, పని నడుస్తుంది. ఏ మోడలైనా వెనక రాసిన వోల్టేజి చదవకుండా ప్లగ్గు పెట్టొద్దు.

నాలుగింటికీ సమానమైన ప్రమాదం ఎర్తింగ్. షామియానా స్టేజీ మీద మిక్సర్ ఒక బోర్డులో, ఆంపు ఇంకో బోర్డులో పెట్టి, ఒకదానికి ఎర్త్ లేకపోతే, గిటారు తీగల మీద చెయ్యి ఉండగా మైకుకు పెదవి తగిలినప్పుడు షాక్ కొడుతుంది. పాట మొదలయ్యే ముందు మల్టీమీటరును ఏసీ వోల్టుల్లో పెట్టి ఒక కొన మైకు జాలీకి, ఇంకో కొన గిటారు తీగకు తగిలించండి. ఒకటి రెండు వోల్టులు మించి చూపిస్తే వాయించొద్దు. మిక్సరూ ఆంపూ ఒకే బోర్డు మీదికి తెప్పించి, ఎర్త్ సరిచేయించి, మళ్లీ కొలవండి. హమ్ తగ్గుతుందని మూడో పిన్ను విరిచేవాళ్లుంటారు, అది ప్రాణం మీదికి తెచ్చే పని.

మైపాడు, కొత్తపట్నం లాంటి తీరం ఊళ్లలో ఉప్పుగాలికి జాకులు, ట్యూబు సాకెట్లు తుప్పు పడతాయి. వానాకాలం పోయాక ప్లగ్గు పీకి, ఆంపు పూర్తిగా చల్లారాక, జాకుల్లో ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి జాక్‌ను పదిసార్లు పెట్టి తీయండి. తలుపులకు కొట్టే మామూలు స్ప్రే వాడితే జిడ్డు మిగిలి దుమ్ము పడుతుంది.

దుకాణంలో ట్యూబు ఆంపు చూస్తే అరగంట ఆన్‌లో ఉంచమని అడగండి. వేడెక్కాకే చెడ్డ ట్యూబు బయటపడుతుంది. పెన్సిలు వెనకవైపుతో చిన్న ట్యూబులను ఒక్కొక్కటి మెల్లగా తట్టండి. స్పీకరులో గంటలా మోగేది మార్పించుకోండి. రివర్బు, ట్రెమొలో ఫుట్‌స్విచ్‌తో ఆన్ ఆఫ్ చేసి చూడండి. రైల్లో తెస్తుంటే 6వీ6లనూ రెక్టిఫయర్‌నూ తీయించి, ఏది ఏ సాకెట్‌లోదో చీటీ అంటించి, బట్టలో చుట్టి చేతిసంచిలో పెట్టుకోండి. ఇంటికొచ్చి ట్యూబులు బిగించాక, స్పీకరు వైరు జాక్‌లో ఉందో లేదో చూశాకే పవర్ వేయండి. స్పీకరు లేకుండా ట్యూబు ఆంపు నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయే ప్రమాదం ఉంది.